‘ఏడికి’ అని అడిగిన వారం

ఏడో తరగతిలో లెక్కల సారు నా పరీక్ష కాగితాన్ని పైకెత్తి తరగతి మొత్తానికి చూపించి, "వీడు రోడ్డు మీద వచ్చేపోయే బండ్లు లెక్కపెట్టుకోనీకి తప్ప దేనికీ పనికిరాడు" అన్నారు. ఆ ఏడాదే నేను బడి మానేశాను. ఇరవై ఏళ్లు గడిచాక, మా మండలంలో డిగ్రీలు చదివినవాళ్లు ఎంతోమంది ఖాళీగా ఉండగా, నన్ను సరిగ్గా ఆ పనికే పిలిచారు. మెడలో వేసుకోవడానికి కార్డు కూడా ఇచ్చారు. ఆ వారంలోనే ఒక పెళ్లి పడితే కొత్త చొక్కా మీద ఆ కార్డు వేసుకునే బంతిలో కూర్చున్నాను. వడ్డించేవాడు నన్ను కరెంటాఫీసు మనిషి అనుకుని రెండు ముక్కలు ఎక్కువ వేశాడు. నేను కాదనలేదు.

పని ఇది. జనగామ వైపు నుంచి మహబూబాబాద్ మీదుగా భూపాలపల్లి దాకా, వరంగల్ ఊళ్లోకి పోకుండానే, మూడు జిల్లాలను కలిపే కొత్త రోడ్డు ఒకటి వేయాలని ఆలోచన నడుస్తోంది. కాగితం మీద రెండు గీతలున్నాయి. ఒకటి, ఉన్న పెద్ద రోడ్డునే పట్టుకుని నగరం అంచున చుట్టి పోయేది. రెండోది, మా నాలుగు రోడ్ల కూడలి మీదుగా అడవి అంచు ఊళ్లను కలుపుతూ సూటిగా పోయేది. ఏది ఉంచాలో తేల్చే ముందు ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారో తెలియాలి. మా కూడలి దాటి దూరం పోయేవాళ్లు లేరని తేలితే రెండో గీతను చెరిపేస్తారు. పని నేర్పిన రోజు ఇంజినీరు మేడం ఈ మాటను రెండుసార్లు చెప్పారు, రెండోసారి నా వైపు చూసి చెప్పారు.

లెక్క సులువే. ప్రతి బండికీ ఒక నిలువు గీత, ఐదో బండికి ఆ నాలుగింటి మీద ఒక అడ్డగీత. ఆటోకు ఒక గడి, ట్రాక్టరుకు ఒక గడి, లారీకి ఒక గడి. ఆ గడులు గీసినవాళ్లు మాత్రం మా రోడ్డును చూసినట్టు లేదు. మిర్చి ఏరడానికి పోయే ఆడవాళ్లు ఒక్క ఆటోలో పద్నాలుగు మంది, వాళ్ల సద్ది డబ్బాలన్నీ దాని నెత్తిన. దాన్ని ఆటో అనాలా, బస్సు అనాలా? పెళ్లివాళ్లతో నిండిన ట్రాక్టరు సరుకు బండా, మనుషుల బండా? మోటరు సైకిలు మీద ఇద్దరి మధ్య బుద్ధిగా కూర్చున్న మేకను ఏ గడిలో దించాలి?

రెండో రోజుకు నా నవ్వు తగ్గింది. ఆ కూడలి పక్కనే పుట్టి పెరిగినవాణ్ని. అక్కడ టీ తాగాను, తగాదాలు పడ్డాను, బస్సుల కోసం తిట్టుకుంటూ నిలబడ్డాను. కానీ పొద్దు పొడిచింది మొదలు కదలకుండా ఒక కుర్చీలో కూర్చుని చూడటం అదే మొదటిసారి. పాలక్యాన్లు పోయాయి, వాటి వెనక బడి ఆటోలు, వాటి వెనక పత్తి బోరాలు, కోళ్ల బండి, ఇటుకల ట్రాక్టరు, ఏడుస్తున్న పసిబిడ్డను ఒడిలో పెట్టుకున్న తల్లి. ఎక్కడా తెగలేదు. మేము నిద్ర లేవకముందు నుంచీ ఇది రోజూ ఇట్లాగే సాగుతోందని తెలిసి ఒళ్లు జలదరించింది. ఇదంతా ఏటిలాగా పారుతుంటే, ఇన్నేళ్లూ నేను ఒడ్డున నిలబడి బస్సు రాలేదని గొణుక్కున్నాను.

మధ్యాహ్నం దాకా ఇంకో కాగితం కూడా నింపాలి. అందులో ప్రశ్నలుంటాయి. స్పీడు బ్రేకరు దగ్గర నెమ్మదించిన బండిని ఆపి, ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎక్కడికి పోతున్నారు అని అడగాలి. ఆ రెండో ప్రశ్న రాసినవాళ్లది ఏ ఊరో గానీ, పని మీద బయల్దేరిన మనిషిని ‘ఏడికి’ అని అడిగితే మా దగ్గర ఏమవుతుందో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. తెలిసి కూడా, మెడలో కార్డు ఉందన్న ధైర్యంతో మొదటి రోజు అడిగేశాను.

బండి మీద తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన, వెనక ఆయన భార్య, ఆమె ఒడిలో పండ్ల సంచి.

"ఏడికి పోతున్నరు బాపు?"

ఆయన బండి బందు చేశాడు. వెనక ఆమె నెత్తి కొట్టుకుంది.

"కొడుక్కు పిల్లను చూడనీకి పోతున్నంరా! ఎదురుంగ నిలవడి ఏడికి అంటవా? నీ నోట్ల మన్నువడ!"

"కాయితంల అట్లనే రాసున్నది బాపు."

"కాయితానికి లేకుంటె నీకన్న ఉండాలె గద తెలివి!"

బండి తిప్పుకుని ఇంటికి పోయాడు. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ మొదటి నుంచి బయల్దేరి వచ్చాడు. ఈసారి నేను నోరు మూసుకుని కరెంటు తీగల వైపు చూశాను. లెక్కలో మాత్రం ఆయన మూడుసార్లు పడ్డాడు.

అప్పుడు నా తెలివి బయటికి తీశాను. మర్యాద తెలిసినవాళ్లు ఎక్కడికి అనరు, "ఎంత దూరం?" అంటారు. నేనూ అట్లాగే అడగడం మొదలుపెట్టాను. ఎవరూ కోప్పడలేదు. అందరూ నవ్వి ఒకటే చెప్పారు. "గీడికే. దగ్గర్నే." బయల్దేరిన పనిని నోటితో బయటపెడితే అది చెడుతుందని వాళ్ల భయం. నేను పక్క ఊరి పేరు రాసి కింద సంతకం పెట్టాను. నిండిన కాగితాలను చూసుకుని నాకు నేనే ముచ్చటపడ్డాను.

రోజు విడిచి రోజు పొద్దున్నే మోపెడ్ మీద ఒక ఆలుమగల జంట వచ్చేది. అక్క నడుపుతుంది. అన్న వెనక, తువ్వాలను చెవులకు చుట్టుకుని కూర్చుంటాడు. భూపాలపల్లి పోయే దారిలో, మా కూడలికి రావడానికే గంట పైన పట్టే ఊరు వాళ్లది. ఆ సంగతి అక్క చెప్పింది. చెప్పనిది ఏమిటంటే, అన్న కిడ్నీలు రెండూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు మహబూబాబాద్ దవాఖానలో నెత్తురు శుద్ధి చేయించుకుంటేనే ఆయన బతుకు. మా కూడలి దాటాక ఇంకో గంట పైన పోవాలి. చెరిపేయకుండా ఉంచాల్సిన ఆ రెండో గీత ఎవరికైనా కావాలంటే ముందు వాళ్లకు కావాలి. ఇదేమీ తెలియక నేను పరాచికాలాడాను.

"ఎంత దూరం అక్కా?"

"దగ్గర్నే తమ్మీ."

"మొన్న దగ్గర్నే, ఇయ్యాల దగ్గర్నే. అన్నను వెనక ఏసుకొని తిప్పుతున్నవ్, అత్తగారింటికి దావత్‌కా ఏంది?"

"ఔ, దావత్‌కే" అని అక్క బండిని ముందుకు దూకించింది. నేను పక్క ఊరి పేరు రాశాను.

నాలుగో రోజు మధ్యాహ్నం మేడం వచ్చి టీ బండి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచారు. వయసులో నాకంటే చిన్నావిడ, ఎండలో తిరిగి చేతులు నల్లబడ్డాయి. తెర మీద మూడు జిల్లాల పటం. అందులో ఒక్క రోడ్డు కూడా లేదు. ఊళ్లన్నీ చుక్కలు, చుక్క నుంచి చుక్కకు సూటి గీతలు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి, బయ్యారం నుంచి, కురవి నుంచి, నేను వినని ఊళ్ల నుంచి కూడా. మగ్గం మీద పడుగు సాగదీసినట్టుంది.

"ఇవి రోడ్లా మేడం?"

"రోడ్లు కాదన్నా. రోడ్డున్నా లేకపోయినా మనుషులు పోవాలనుకునే దారులు. ఎంతమంది పోతే గీత అంత లావు. వీటిని కోరిక గీతలంటాం."

ఎవరో ఒకరు పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, ఒక పని తలచుకుని గడప దాటితే అది ఇక్కడ గీతై పడుతుంది. గుట్టలు, వాగులు, గుంతలు ఏవీ అడ్డం రావు. మనసులో అనుకున్న దారికి మలుపులుండవు కదా. ఏదో ఒక పరాచికం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నా జీవితంలో అట్లా ఆగడం అరుదు.

"మన కూడలేది?"

ఆమె వేలు పెట్టి చూపించారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన గీతలన్నీ మా కూడలి దాటగానే పక్క ఊళ్లో కుప్పపడి మాయమయ్యాయి.

"ఇంతమంది రోజూ ఆ ఊరికే పోతున్నారు. అక్కడ ఏముందన్నా?"

"ఒక కిరాణం దుకాణం, ఒక బోరింగు."

ఆమె నవ్వలేదు. "దీన్ని ఎవరూ నమ్మరు. ఇక్కడ దూరప్రయాణాలే లేవని రెండో గీతను తీసేస్తారు."

తల దించుకుని జరిగింది చెప్పాను. పిల్లను చూడబోయిన పెద్దాయన గురించి, నీళ్లు తాగి రావడం గురించి, నా ‘ఎంత దూరం’ గురించి. ఆమె ప్రశ్నల కాగితాన్ని తన ముందుకు లాక్కున్నారు.

"ఆ ప్రశ్న రాసింది నేనే" అన్నారు. "మా అమ్మమ్మ వినుంటే నా వీపు పగిలేది."

"పోయేటోళ్లను గద మేడం అడగొద్దు. వచ్చేటోళ్లను అడుగుత."

ఆమె నా వైపు చూసి, ఖాళీ కాగితాల కట్ట చేతిలో పెట్టారు.

ఆ సాయంత్రం కుర్చీని రోడ్డుకు అవతలి పక్కకు మార్చాను. "ఎటువోయి వస్తున్నరు?" అని అడగడమే ఆలస్యం, మూటలు విప్పినట్టు చెప్పారు. పొద్దున మూతులు బిగించుకున్న మనుషులేనా వీళ్లు అనిపించింది. ఒక అవ్వ మనుమడి పుట్టువెంట్రుకలు కురవి వీరభద్రునికి ఇచ్చి వస్తూ నా దోసిట్లో ప్రసాదం పోసింది. బొగ్గుబాయిలో పనిచేసే అన్న వారానికి ఒకసారి బయ్యారంలో బిడ్డ మొఖం చూసి వస్తుంటానని, పాప నిన్న మొదటి అడుగు వేసిందని, బండి ఆపి మరీ చెప్పాడు. జనగామ అవతల చెల్లె బిడ్డ బాప్తిస్మం చూసి వస్తున్న కుటుంబం కేకు ముక్క ఇచ్చింది. ఇంటికి తిరిగొస్తున్న మనిషికి దాచుకోవడానికి ఏమీ ఉండదేమో. కాగితంలో గడి వేలెడంతే. చెబుతున్నది మాత్రం వాళ్ల రోజంతా.

పొద్దు వాలుతుండగా మోపెడ్ వచ్చింది. పొద్దున దూకిన బండి ఇప్పుడు ఎడ్లబండిలా నడుస్తోంది. తువ్వాల అన్న చెవులకు లేదు. ఆయన నడుము చుట్టూ తిరిగి ముందుకు వచ్చి అక్క నడుము దగ్గర ముడిపడి ఉంది. ఆయన తల ఆమె భుజం మీద వాలి ఉంది.

"ఎటువోయి వస్తున్నరు అక్కా?"

"మానుకోట దవాఖానకు తమ్మీ. నెత్తురంత బయటికి తీసి, మిషన్ల కడిగి మళ్ల ఎక్కిస్తరు, నాలుగు గంటలు. వచ్చేటప్పుడు ఈయనకు నిద్ర ఆగది. పడతడని కట్టుకున్న."

"బస్సుల పోరాదు?"

"రెండు మారాలె. ఒకటి తప్పిందంటె మిషన్ కాడ నంబర్ పోతది. ఒకపారి పోయింది. ఒంట్ల నీళ్లు ఒంట్లనే ఉండి, పండుకుంటె ఊపిరి ఆడలే ఈయనకు. గప్పటి సంది బండే."

"మరి పొద్దుగాల దగ్గర్నే అన్నవ్."

"పొద్దుగాల దవాఖానకు పోతున్నమని ఎట్లంటరు తమ్మీ? మంచిగ తిరిగొచ్చినంక గద చెప్పేది. వచ్చినం, చెప్తున్న."

నేను వాళ్ల ఊరి పేరు రాశాను, మానుకోటకు కాగితాల మీద ఉండే పేరు మహబూబాబాద్ అని రాశాను. ఎందుకు అన్న గడిలో దవాఖాన అని, ఎన్నిసార్లు అన్న గడిలో వారానికి మూడు అని రాశాను. దావత్ అన్న నా మాట గుర్తొచ్చి చెవులు మండాయి. ఆ మట్టి దారి మీద, ఒక్క తువ్వాల ముడితో, ఒక మనిషిని ఆమె ఎన్నాళ్లుగా ఇంటికి చేరుస్తోందో.

ఆఖరి రోజు మేడం మళ్లీ తెర తెరిచారు. పక్క ఊళ్లోని కుప్ప విడిపోయింది. మా కూడలి మీదుగా గీతలు పరుగెత్తుతున్నాయి, జనగామ దాకా, భూపాలపల్లి దాకా. లావుపాటి గీతల మధ్య ఒకటి వెంట్రుకంత సన్నగా, నిటారుగా ఉంది. వేలు పెట్టి ఊళ్ల పేర్లు చదువుకున్నాను. వాళ్లదే. అంతకుముందు ఏ గుళ్లోనూ నా చేతులు వాటంతటవే జోడు కాలేదు, ఆ టీ బల్ల దగ్గర అయ్యాయి. మేడం చూడకముందే విడదీసుకున్నాను.

"రెండో గీత ఉంటుంది" అన్నారామె. "రోడ్డు పడుతుందని కాదు. చెరిపేయరు, అంతే. తర్వాత భూమి కొలతలు, అభ్యంతరాలు, ఇంకా చాలా ఉంది."

నాకు ‘చెరిపేయరు’ ఒక్కటే వినబడింది.

మర్నాడు పని లేకపోయినా పొద్దున్నే కూడలికి పోయి, మోపెడ్ రాగానే రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాను. పటం గురించి చెప్పాను, పడుగు దారాల గురించి చెప్పాను, వాళ్ల ఊరి నుంచి మానుకోట దాకా వాగులనూ గుట్టలనూ దాటి పోయే ఆ సన్నటి గీతను గాలిలో వేలితో గీసి చూపించాను. "అది నేను రాసిన గీతనే అక్కా! ఇగ మీ తొవ్వను ఎవ్వరు చెరపరు!"

అక్క ఇంజను ఆపకుండానే విన్నది. అప్పటిదాకా నాతో ఒక్క మాట మాట్లాడని అన్న, చెవుల మీది తువ్వాలను కొంచెం జరిపి నా వైపు వంగాడు.

"గీత మంచిగనే ఉన్నట్టున్నది తమ్మీ. గని ఇయ్యాల్టికైతె మేము గీ గుంతల మీదికెళ్లే పోవాలె. నువ్వు జర పక్కకు జరిగినవంటె నా నంబర్ దొరుకుతది."