ఓపల్ మార్చి రాసిన సాయంత్రం

ఓపల్ పర్విస్ హెయిన్స్ సిటీలో ఒక బడి వంటశాలలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. పదకొండు గంటలయ్యేసరికి నాలుగు వందల మంది పిల్లల పళ్లాల్లో తిండి పడాలి కాబట్టి, ఏ పని తలపెట్టినా ఏ వేళకు ఏం జరగాలో ముందే కాగితం మీద రాసుకోవడం ఆమెకు అలవాటు. చుట్టాల్లో పెళ్లి జరిగినా, ఎవరైనా పోయినా, ఎన్ని కుర్చీలు కావాలని అందరూ ఆమెకే ఫోను చేసేవారు. భర్త రాయ్ పోయి తొమ్మిదేళ్లయింది. పిల్లలు కలగలేదు. ఆయన పోయిన రెండో ఏడు ఆమె కౌంటీ ఆఫీసుకు వెళ్లి, కన్నవాళ్ల దగ్గర ఉండే వీలు లేని పిల్లల్ని కొన్నాళ్లు పెంచి అప్పగించేవాళ్ల జాబితాలో పేరు రాయించుకుంది. అలా ఆరుగురు వచ్చారు, వెళ్లారు. ఒకడు మూడు రోజులున్నాడు. ఒక పిల్ల పదకొండు నెలలుంది. ఎవరు వెళ్లినా ఓపల్ దుప్పట్లు ఉతికి, మంచం కింద ఊడ్చి, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండి, మళ్లీ మామూలైపోయేది.

ఏడో పిల్ల జూనీ. వచ్చేనాటికి మూడున్నరేళ్లు. బట్టలు ఒక చెత్త సంచిలో మూటగట్టి ఉన్నాయి. ఆ రోజు రాత్రి తొమ్మిదింటికి, పన్నెండు మైళ్ల అవతల ఉన్న పెద్ద వినోదాల పార్కులో రోజూ కాల్చే బాణసంచా మోగడం మొదలవగానే జూనీ బట్టల అలమరలో దూరి తలుపేసుకుంది. ఆ ఊళ్లో ఆ చప్పుడు ఎవరూ పట్టించుకోరు. దాన్ని బట్టి పిల్లల్ని పడుకోబెడతారు. ఓపల్ అలమర బయట నేల మీద కూర్చుంది.

“అది పార్కమ్మా. పుట్టినరోజు చేసుకుంటున్నారు.”

చాలాసేపటికి లోపలి నుంచి గొంతు వినిపించింది. “ఎవరిది?”

“ఎవరిదో ఒకరిది. రోజూ ఎవరో ఒకరు పుడతారుగా.”

ఆ అలమర నుంచి మంచం మీదికి రావడానికి జూనీకి ఆరు నెలలు పట్టింది. మంచం మీది నుంచి వరండాలోకి రావడానికి ఒక ఏడాది. రెండో ఏడాది చివర్లో చెవులకు దూదిగుండ్లలాంటి మూతలు పెట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఓపల్ పిల్ల వీపును తన పొట్టకు ఆనించుకుని నిలబడేది. ఇద్దరూ ఇరవై దాకా లెక్కపెట్టేవారు. ఇరవై అయ్యాక ఇంకా భయంగా ఉంటే లోపలికి వెళ్లిపోవచ్చు. అదీ ఒప్పందం. ఏడేళ్లు నిండేసరికి జూనీ ఇరవై దాటి తొంభై దాకా లెక్కపెట్టి, “ఇక చాలు, అంకెలు బోరు కొడుతున్నాయి” అనే దాకా వచ్చింది. ఓపల్‌ని మొదటి నుంచీ ఓపలమ్మా అనే పిలిచేది. ఆ పేరు ఎవరూ నేర్పలేదు.

ఆ ఏడాది వేసవిలో ఓపల్ రెండు పనులు చేసింది. జూనీని చట్టప్రకారం పెంచుకుంటానని కోర్టులో కాగితాలు పెట్టింది. జనవరిలో విచారణ అన్నారు. రెండోది, పార్కులో క్రిస్మస్ సాయంత్రానికి టికెట్లు కొంది. నవంబరు నుంచి పండగ దాకా వారంలో కొన్ని రోజులు పార్కును మామూలు జనానికి ఆరింటికే మూసేసి, వేరే టికెట్టు ఉన్నవాళ్లకు మాత్రం వేడుక జరుపుతారు. ఆ పూట ఊరేగింపు ఉంటుంది, పెద్ద వీధిలో మంచు పడుతుంది, కోకో, బిస్కెట్లు ఎన్ని కావాలంటే అన్ని ఇస్తారు, ఎనిమిదిన్నరకు పార్కు నడుమ ఉన్న కోట మీద బాణసంచా కాలుస్తారు. డిసెంబరు తొమ్మిదో తేదీకి మూడు టికెట్లు. మూడోది ఎదురింట్లో ఉండే అక్క ఎర్లీన్‌కి.

ఎర్లీన్ ఆ పార్కు లాండ్రీలో పద్నాలుగేళ్లు వేషాల బట్టలు ఉతికింది. అక్టోబరులో ఒక ఆదివారం ముగ్గురూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని సాయంత్రాన్ని కాగితం మీద పరిచారు.

“మంగళవారం పెట్టుకున్నావు, మంచి పనే చేశావు. శుక్రవారమైతే ఆ జనంలో చెప్పులు కూడా మిగలవు,” అంది ఎర్లీన్. “నాలుగింటికే లోపలికి రానిస్తారు. వేడుక మొదలయ్యే ఏడింటి దాకా ఆగక్కర్లేదు.”

“అయితే మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడింటి దాకా జూనీ పడుకోవాలి,” అని ఓపల్ రాసుకుంది.

“నేను పడుకోను. కళ్లు మూసుకుంటానంతే,” అంది జూనీ.

“సరే, కళ్లు మూసుకోవడం అని రాస్తాను.”

“ఎర్లీనమ్మమ్మా, మంచు నిజంగా పడుతుందా?”

“పడుతుంది. నాలిక మాత్రం చాపకు. అది సబ్బు నురగ. ఒకసారి మా జింక వేషం తల తీసి చూస్తే లోపలి కుర్రాడి నోరంతా బుడగలు!”

జూనీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తరవాత పెన్సిలు తీసుకుని, ఎనిమిదిన్నర ఎదురుగా తనే రాసింది: వెనక ఓపలమ్మ, ముందు నేను, లెక్క వంద.

నవంబరు రెండో వారంలో ఓపల్ బడి వంటశాలలో ట్రేలు కడుగుతుండగా యొలాండా ఫోను చేసింది. జూనీ వ్యవహారం చూసే కౌంటీ ఉద్యోగిని ఆమె.

“ఓపల్ గారూ, కాస్త కూర్చుంటారా?”

“చేతులు తడిగా ఉన్నాయి. చెప్పమ్మా.”

జూనీ తండ్రి తరఫున ఒక మేనత్త ఉందని, దూరాన అయిడహో రాష్ట్రంలో ఉంటుందని, ఏడాదిగా ఆమె ఇంటిని అక్కడి అధికారులు పరిశీలిస్తున్నారని ఓపల్‌కు తెలుసు. ఆ పరిశీలన పూర్తయింది. జడ్జి విచారణను ముందుకు జరిపి, రక్తసంబంధానికే మొగ్గు చూపాడు. కొత్త బడిలో కుదురుకోవడానికి వీలుగా డిసెంబరు ఒకటిన పిల్ల వెళ్లిపోవాలి.

ఓపల్ కుళాయి కట్టేసింది. ఆమె అడిగింది ఒక్కటే.

“తొమ్మిదో తారీకు దాకా ఉంచలేరా? దానికి ఒక పని ఉంది.”

“ఏం పనండీ?”

“పార్కుకి తీసుకెళ్తానన్నాను.”

“నేను అడిగాను ఓపల్ గారూ. ఆ మేనత్తకి ఆ వారమే సెలవు దొరికింది.”

ఓపల్ ఆ రోజు మిగతా ట్రేలన్నీ కడిగే ఇంటికి వెళ్లింది. మరునాడు పార్కుకు ఫోను చేసి గంటన్నర పట్టుకుని, మూడు టికెట్లనూ నవంబరు ముప్పైకి మార్పించింది. అది ఆదివారం, జనం విపరీతం. పాత కాగితం పనికిరాదు. ఆమె కొత్తది రాసింది.

దాన్ని చదివిన ఎర్లీన్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పడేసింది.

“నాలుగున్నరకి గుర్రాల రాట్నం: జూనీ, కరిన్. ఐదున్నరకి భోజనం: కరిన్ పక్కన జూనీ. ఊరేగింపు: జూనీ కరిన్ ఒళ్లో. ఎవరే ఈ కరిన్?”

“మేనత్త. శుక్రవారం దిగుతుంది. నీ టికెట్టు ఆమెకి కావాలి అక్కా.”

“టికెట్టు తగలబెట్టు. ఇందులో నువ్వెక్కడున్నావే?”

“బ్యాగు మోస్తాను.”

“నాలుగేళ్లు కంటికి రెప్పలా చూసుకుని, ఇప్పుడు నీ చేత్తో నువ్వే ముస్తాబు చేసి అప్పగిస్తావా? ఆవిడ వచ్చి తీసుకెళ్తుంది, పోనీ. ఆ ఒక్క సాయంత్రమైనా నీకోసం ఉంచుకోవే!”

“నాకోసం ఉంచుకుంటే సోమవారం అది ముక్కూ మొహం తెలియని మనిషితో విమానం ఎక్కుతుంది,” అంది ఓపల్. “తెలిసిన మనిషితో ఎక్కాలి. నా దగ్గర రెండు రోజులే ఉన్నాయి.”

ఎర్లీన్ లేచి వెళ్లిపోయింది. సాయంత్రం మళ్లీ వచ్చి, టికెట్టు బల్ల మీద పెట్టింది.

కరిన్ ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, పళ్ల డాక్టరు దగ్గర పని. ఓపల్ ఆమెను ద్వేషించడానికి సిద్ధపడే తలుపు తీసింది. కానీ జూనీ తన పళ్లెంలోని చిక్కుడు గింజలన్నీ మెల్లగా కరిన్ పళ్లెంలోకి తోసేసినప్పుడు, కరిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అచ్చంగా జూనీ నవ్వు. ఓపల్ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి, మండుతున్న పొయ్యిని మళ్లీ వెలిగించబోయింది.

శనివారం పిల్ల పడుకున్నాక, ఓపల్ కరిన్‌ని వంటింట్లో నిలబెట్టింది.

“రేపు బాణసంచా అప్పుడు నువ్వే పట్టుకోవాలి. వీపు నీ పొట్టకి ఆనించుకో. చేతులు ఇలా, గట్టిగా కాదు. నువ్వు మెల్లగా ఊపిరి తీస్తే అదీ తీస్తుంది. నువ్వు బిగుసుకుపోతే దానికి తెలిసిపోతుంది.”

“ఓపల్ గారూ, అది మీ ఇద్దరిదీ. దాంట్లోకి నేను రాను.”

“రావాలి.”

“నా తమ్ముడికి కూతురుందని నాకు పోయినేడు దాకా తెలీదండీ. తెలిస్తే అప్పుడే వచ్చేదాన్ని. మిమ్మల్ని ఇలా...” కరిన్ ఏడ్చింది. “నాకు చేతనవుతుందా?”

“నాకూ మొదట చేతకాలేదు. ఇటు తిరుగు, నేను జూనీననుకో.”

అరవైకి దగ్గర పడుతున్న ఓపల్, ఆ వంటింట్లో తన వీపును పరాయి మనిషి పొట్టకు ఆనించి, ఇరవై దాకా లెక్కపెట్టింది.

ఆదివారం సాయంత్రం కాగితం మీద రాసినట్టే నడిచింది. రాట్నం తిరుగుతుంటే ఓపల్ కమ్మీల బయట నిలబడి, గుర్రం ఇటు వచ్చిన ప్రతిసారీ చెయ్యి ఊపింది. మొదట జూనీ ప్రతి చుట్టుకీ ఊపింది. తరవాత కరిన్ ఏదో చెబుతుంటే రెండు చుట్లు మరిచిపోయింది. భోజనం దగ్గర జూనీ వచ్చి ఓపల్ పక్కన కూర్చుంది.

“కరిన్ అత్త దగ్గర కూర్చోమ్మా. అక్కడి నుంచి కోట కనిపిస్తుంది.”

“ఇక్కడి నుంచీ కనిపిస్తోందిగా.”

“అక్కడ ఇంకా బాగా కనిపిస్తుంది.”

జూనీ ఆమె మొహంలోకి చూసి, లేచి అటు వెళ్లింది. పెద్ద వీధిలో నురగ రాలుతుంటే, అయిడహోలో నిజం మంచు పడుతుందని కరిన్ చెప్పింది. “నాలిక చాపొచ్చా?” అని జూనీ అడిగింది. “ఎంతసేపైనా,” అంది కరిన్. అది వింటూ ఓపల్ బ్యాగును ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

ఎనిమిదీ ఇరవైకి ముగ్గురూ కోట ముందు నిలబడ్డారు. జూనీ చెవిమూతలు పెట్టుకుని, అలవాటుగా వెనక్కి జరిగి ఓపల్ పొట్టకు ఆనుకుంది. నాలుగేళ్ల అలవాటు. ఓపల్ ఒక్క నిమిషం అలాగే ఉండిపోయింది. ఆ నిమిషం కాగితంలో లేదు.

ఆ తరవాత వంగి చెవిమూత కాస్త ఎత్తి చెప్పింది. “నేను కోకో తెస్తాను తల్లీ. అత్త పట్టుకుంటుంది.”

“అయిపోయాక తాగుదాం.”

“అయిపోయాక లైను పెద్దదవుతుంది.”

“తొందరగా వస్తావా?”

“నువ్వు లెక్క మొదలెట్టు.”

ఆమె వెళ్లింది. కోకో బండి నలభై అడుగుల దూరంలో ఉంది. లైనులో నిలబడి వెనక్కి తిరిగి చూసింది. మొదటి మోతకు జూనీ భుజాలు చెవుల దాకా లేచాయి. పిల్ల చుట్టూ చూసింది, ఓపల్ కోసం. ఓపల్ కనపడకుండా, తన ముందున్న పొడుగాటి మనిషి చాటుకు జరిగింది. కరిన్ చేతులు మెల్లగా పిల్ల ఛాతీ మీదికి వచ్చాయి. ఆమె పెదాలు కదులుతున్నాయి, ఆరు, ఏడు, ఎనిమిది. ఇరవై దగ్గర జూనీ పెదాలూ కదలడం మొదలయ్యాయి. యాభై దగ్గర తల వెనక్కి వాల్చి కరిన్‌కు ఆనించి, పైకి చూసింది. నోరు తెరుచుకుంది. అది భయం కాదని ఓపల్‌కు అంత దూరం నుంచీ తెలిసింది.

“ఎన్ని కావాలమ్మా?” అన్నాడు కోకో అబ్బాయి. రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగకుండా మూడు కప్పులు, ఒక గుప్పెడు కాగితపు రుమాళ్లు ఆమె ముందు పెట్టాడు.

సోమవారం విమానాశ్రయంలో జూనీ ఏడ్చింది, కానీ కరిన్ చెయ్యి వదల్లేదు. ఎర్లీన్ కారులో కూర్చునే ఉండిపోయింది. దిగితే తాను ఏం మాట్లాడుతుందో తనకే తెలియదంది. ఇంటికి వచ్చాక ఓపల్ దుప్పట్లు ఉతకలేదు. వారం రోజులు ఆ గది తలుపు తీయలేదు.

డిసెంబరు పదిహేడున కరిన్ ఫోను చేసి జూనీకి ఇచ్చింది. పిల్ల గొంతు హుషారుగా ఉంది. కొత్త బడి గురించి, టీచరు పిల్లి గురించి చెప్పింది. ఆ తరవాత బాణసంచా గురించి మొదలుపెట్టింది.

“నేను వంద దాటి నూట ముప్పై దాకా లెక్కపెట్టాను తెలుసా! ఆకుపచ్చది ఒకటి చెట్టులాగా వచ్చింది. నువ్వు చూడలేదుగా ఓపలమ్మా, నువ్వు లేవుగా. కరిన్ అత్తా నేనూ మాత్రమే ఉన్నాం.”

ఓపల్ కుర్చీ చేత్తో వెతుక్కుని కూర్చుంది.

“అవును తల్లీ, లేను. ఎలా ఉందో చెప్పు.”

జూనీ చెప్పింది. మొదటి నుంచి చివరి దాకా, ఏ రంగు తరవాత ఏ రంగో వరసగా చెప్పింది. ఓపల్ ఊఁ కొడుతూ వింది. జూనీ ఒక రంగు తప్పు చెప్పినా దిద్దలేదు.

జనవరిలో యొలాండా మళ్లీ ఫోను చేసింది. ఇద్దరు అన్నదమ్ములున్నారు, నాలుగు రోజులు ఉంచుకుంటే చాలు అంది. ఓపల్ కుదరదంది. మార్చిలో ఇంకొకరి కోసం అడిగితే, తన పేరు జాబితాలోంచి తీసేయమంది. యొలాండా బతిమాలలేదు. “మీరు చేసినది నా ఉద్యోగంలో ఇంకెవరూ చేయగా చూడలేదు ఓపల్ గారూ,” అంది.

“చూడకపోతేనే మంచిది,” అంది ఓపల్.

ఆమె ఇప్పటికీ అదే బడిలో వండుతోంది. ఫోన్లు మొదట వారానికోసారి వచ్చేవి, తరవాత నెలకోసారి. పిల్లలు అలాగే ఉంటారని, అలాగే ఉండాలని ఎర్లీన్‌తో ఆమే అంటుంది. రోజూ తొమ్మిది కాబోతుండగా ఎర్లీన్ వీధి దాటి వచ్చి, పనేమీ లేకపోయినా వంటింట్లో కూర్చుని, బాణసంచా మోత అంతా అయిపోయేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది.