తోడల్లుడి బంతి కషాయం

మామగారికి రెండు పాలీహౌసులు, అంటే ప్లాస్టిక్ పట్టా కప్పిన తోటలు, ఉన్నాయి. ఒకదాంట్లో పెద్దల్లుడు చాలాకాలంగా టమాటా పండిస్తున్నాడు. రెండోదాన్ని చిన్నల్లుడికి అప్పగించాడు. అతను అంతకుముందు దర్జీ. "సూది పట్టిన చేతికి పార లొంగుతుందా?" అని పెద్దల్లుడు నలుగురిలో నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు.

పెద్దల్లుడి మొక్కలు మిట్టమధ్యాహ్నం తలలు వేలాడేసి, సాయంత్రానికి లేవడం మొదలుపెట్టాయి. నీళ్ళు చాలడం లేదేమోనని ఇంకా పెట్టాడు. ఆకులు పసుపెక్కాయి. విసుగొచ్చి ఒక మొక్కను పీకితే వేళ్ళ నిండా బుడిపెలు.

"నులిపురుగులండీ. మట్టిలో ఉండి వేళ్ళను పీల్చేస్తాయి, కంటికి కనపడవు" అన్నాడు మందుల కొట్టతను. అతనిచ్చిన గుళికలు చల్లితే మొక్కలు కాస్త తేరుకుని, మళ్ళీ మొదటికొచ్చాయి.

చిన్నల్లుడి టమాటా మళ్ళలోనూ అదే పీడ. దర్జీపని నాటి పాత గిరాకీ, పూలతోట పెంచే ఒకామె అతనికి ఓ ఉపాయం చెప్పింది. దెబ్బతిన్న మొక్కల్ని తీసేశాడు. బంతిమొక్కల్ని వేళ్ళతో సహా పీకి, నరికి డ్రమ్ములో నానబెట్టాడు. పాత దుప్పటితో ఒక సంచి కుట్టి, అందులో ఆ కషాయాన్ని వడగట్టి, నీళ్ళు కలిపి, కొత్త నారు నాటేముందూ నాటాకా మళ్ళకు పట్టించాడు. డ్రమ్ము మూత తీస్తే ఆ కంపుకు దరిదాపుల్లో ఎవరూ నిలబడలేకపోయేవారు. పెద్దల్లుడు ముక్కు మూసుకుని మరీ ఎగతాళి చేశాడు.

కానీ ఆ కాపు విరగకాసింది. మామగారు వచ్చినవాళ్ళనల్లా చెయ్యి పట్టుకుని అటే తీసుకెళ్ళేవాడు. "మా చిన్నల్లుడి చేతిలో ఏదో ఉందయ్యా" అనేవాడు. పెద్దల్లుడి పాలీహౌసు ముందునుంచే వెళ్ళేవారు, లోపలికి తొంగి కూడా చూసేవారు కాదు. పెద్దల్లుడికి అన్నం ముందు కూర్చున్నా అవతలి గుత్తులే కళ్ళముందు వేలాడేవి.

ఒకరోజు మార్కెట్లో టోకు వర్తకుడు చిన్నల్లుడి పళ్ళను మెచ్చుకుంటుంటే పెద్దల్లుడు ఉండబట్టలేకపోయాడు.

"పైకి బాగానే ఉంటాయి. కుళ్ళు కషాయం తాగి పెరిగినవి కదా, కోస్తే అదే వాసన" అన్నాడు.

మర్నాడు ఆ ఇంటి పెట్టెలన్నీ వెనక్కొచ్చాయి. ఏవి ఎవరివో ఏరే ఓపిక వర్తకుడికెక్కడిది? అన్నీ ఒకే బండిలో వెళ్ళేవి. పెద్దల్లుడి పళ్ళు కూడా వాటిలోనే ఉన్నాయి.

అతని భార్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏమండీ, బండివాడు అంతా చెప్పాడు. మా చెల్లెలి మొగుడి మీద అక్కసుతో మన నోటికాడి కూడు కూడా పోగొట్టారు. వెళ్ళి మీరే సర్దిచెప్పి రండి."

పెట్టెలు మళ్ళీ బండికెక్కించి వెళ్ళాడు. చిన్నల్లుడు కూడా వెంట వచ్చాడు, దారిలో ఒక్క మాటా అడగలేదు. ఆ మాట ఎవరన్నారో అతనికి తెలుసా, తెలియదా? అది తేలక పెద్దల్లుడికి ముళ్ళ మీద కూర్చున్నట్టయింది.

"వాసన లేదంటే ఎలా నమ్మను? నువ్వే కదయ్యా చెప్పావు!" అని వర్తకుడు అందరి ముందూ అనేశాడు.

పెద్దల్లుడికి తల కొట్టేసినట్టయింది. చిన్నల్లుడి పెట్టెలోంచి ఒక పండు తీసి కొరికాడు. వాసన లేదు సరికదా, అంత కమ్మటి పండు తన తోటలో ఏనాడూ కాయలేదు. ఆ నిజం నోట్లోనే ఉంది, ఉమ్మేయడానికి లేదు. మింగాడు.

"బాగుంది" అన్నాడు. "నేనే... ఊరికే అన్నాను."

వర్తకుడు పెట్టెలు దింపుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు చిన్నల్లుడే నోరు విప్పాడు.

"అన్నయ్యా, ఆ మాట నన్నే అనాల్సింది. నేనేమైనా పరాయివాణ్ణా?"

ఇంటికెళ్ళాక పెద్దల్లుడు భార్యతో, "మీ చెల్లెల్నడిగి ఆ వడగట్టే సంచి తెప్పించు" అన్నాడు, మొహం అటు తిప్పుకుని.

తర్వాతి నారుకు అతనూ కషాయం పోశాడు. పురుగులు పూర్తిగా పోలేదు, కొన్ని వేళ్ళకు బుడిపెలు వచ్చాయి. అయినా మధ్యాహ్నం ఎండలో మొక్కలు నిలబడ్డాయి, కాపు నిలిచింది. మామగారు ఈసారి అతని పాలీహౌసులోకీ మనుషుల్ని తీసుకొచ్చాడు. పెద్దల్లుడు తువ్వాలుతో చేతులు తుడుచుకుని ఎదురెళ్ళాడు.

"చూశారా, చిన్నల్లుడి మందుతో ఇది కూడా బాగుపడింది" అన్నాడు మామగారు.

పెద్దల్లుడు నవ్వాడు. పళ్ళు బిగించే నవ్వాడు.