రెండు డబ్బాల మధ్య నల్ల తీగ

మా చిన్నప్పుడు... చిత్తూరులో మా మిద్దె మీద సిమెంటు తొట్టి ఉండేది. నీళ్లు నిండాయో లేదో చూడటానికి పూటకు నాలుగు సార్లు మెట్లెక్కేదాన్ని. ఇంటికి పెద్దదాన్ని కదా...

అది చూసి ఎనిమిదో తరగతి చదివే మా చెల్లెలు రేవతి తొట్టి నిండితే మోగే గంట ఒకటి తయారుచేసింది. తొట్టి దగ్గర ఒక డబ్బా, ఇంట్లో ఒక డబ్బా. దేని బ్యాటరీలు దానివే. మధ్యలో ఎర్ర తీగ, నల్ల తీగ. పైన నీళ్లు తగిలితే కింద గంట మోగాలి. మోగింది కూడా!

బడిలో సైన్సు ప్రదర్శన పెట్టారు. గెలిచినవాళ్లు తిరుపతి పోటీకి వెళ్తారు. నెల రోజులుగా రేవతికి అదే ధ్యాస.

ఆ పొద్దున డబ్బాలను దేవుని ముందు పెట్టి బొట్లు పెడుతున్నాను. మా అవ్వ చూసింది.

"సామి కాడ నల్లదేంది మే, శుక్రవారం పూట? తీసెయ్!"

కబురు మోసేది ఎర్రదే కదా అనుకుని, నల్లది ఊడదీసి, డబ్బాలు గుడ్డలో చుట్టి ఇచ్చాను. రేవతికి చెప్పలేదు.

బడికి నేనూ వెంట వెళ్లాను. తను గుడ్డ విప్పేలోపే మార్కులు వేసే సారు వచ్చేశారు. రేవతి గబగబా బల్ల మీద పెట్టిన చిన్న తొట్టిలో నీళ్లు పోసింది. గంట మోగలేదు. మళ్లీ పోసింది...

"గంటకి నిద్ర పట్టినట్టుండాది!" పక్క బల్ల పిల్ల నవ్వింది.

నేను బల్ల దగ్గరికి పరుగెత్తాను. "నల్లది నేనే తీసేసినా పాపా..."

ఏడుస్తుందనుకున్నాను. రేవతి సారు వైపు తిరిగింది.

"సార్, నేను నేల మింద నుంచి కొలిచి, మీరు మిద్దె మింద నుంచి కొలిస్తే ఎత్తు ఒకటే వస్తాదా? రెండు డబ్బాలకీ సున్నా ఒకే కాడ ఉండాల. అందుకే బ్యాటరీల మైనస్‌లు రెండూ కలపాల. ఎర్ర తీగలో పొయ్యిన కరెంటు తిరిగొచ్చే దోవ కూడా అదే. ఒక్క తీగ ముక్క దొరికితే చాలు సార్!"

నవ్విన పిల్లే తన బల్ల మీది ఆకుపచ్చ తీగ తెంపి ఇచ్చింది.

"రంగు ఏదైనా పర్లేదక్కా, గట్టిగా పట్టుకో" అంది రేవతి. పట్టుకున్నాను. నా పెదాల మీద దేవుని పేరు... రేవతి తొట్టి ఖాళీ చేసి మళ్లీ నీళ్లు పోసింది.

ట్రిణ్ణ్ణ్‌మని మోగింది! ఎంత గట్టిగానంటే, ఇంటికెళ్లే గంట అనుకుని ఆరో తరగతి పిల్లలు పుస్తకాల సంచులు సర్దేసుకున్నారు. హాలంతా చప్పట్లు. సారు కూడా కొట్టారు. రేవతి తిరుపతి వెళ్లింది, అక్కడా గెలిచింది.

ఇప్పుడు అన్నీ కొనుక్కొచ్చి తగిలిస్తే చాలు, పని చేస్తాయి. మంచిదే... చప్పట్లు మాత్రం ఎవరూ కొట్టరు.

మీరు మీ చేత్తో చేసింది మొదటిసారి పని చేసినప్పుడు, పక్కన ఎవరున్నారు? రాయండి... నెమ్మదిగా చదువుకుంటాను.