బర్రె పౌడర్ తిన్న పొట్టేలు

మా ఇంటికీ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. ఇటు మా బర్రె, అటు వాళ్ళ పొట్టేలు. పక్కింటావిడను అమ్మ ఆపా అంటుంది, ఆమె అమ్మను చెల్లె అంటుంది. జహీరాబాద్‌లో ఇది వింతేమీ కాదు. బక్రీదు కుర్బానీకని ఆపా పెంచుతున్న పొట్టేలును అమ్మ కడుపున పుట్టినట్టు మేపడమే వింత. నేను ట్రాక్టర్ల కంపెనీలో షిఫ్టు దిగి ఆకలితో వచ్చినా, దానికి చెరుకాకు వేశాకే నా కంచంలో అన్నం పడేది.

మా బర్రెకు పాలు తగ్గినప్పుడు మందుల దుకాణంలో ఖనిజాల పొడి ఇచ్చారు. మా వాడలో దాన్ని బర్రె పౌడర్ అంటారు. అది తిన్నాక బర్రె నిగనిగలాడింది, పాలూ పెరిగాయి. బర్రెకు మంచిదైనది పొట్టేలుకు చెడ్డదెందుకవుతుందని అమ్మ లెక్క. రోజూ పొద్దున తవుడులో ఒక చెంచా కలిపి గోడ మీదుగా పెట్టేది. సంచి మీద బర్రె బొమ్మే ఉంది, గొర్రె బొమ్మ లేదు. బొమ్మ లేదంటే పెట్టొద్దని అర్థమని నాకూ తట్టలేదు.

పొట్టేలు నెలల తరబడి బాగానే ఉంది. బలిసింది కూడా. వచ్చినవాళ్ళందరూ దాని వీపు తట్టి చూస్తుంటే, దిష్టి తగులుతుందని ఆపా దాని మెడకు నల్లదారం కట్టింది.

పండుగ ఇంకో వారం ఉందనగా అది మేత ముట్టలేదు. మధ్యాహ్నానికి కళ్ళు పచ్చబడ్డాయి. మూత్రం చాయ్ డికాషన్ రంగులో పోసింది. మర్నాడు పొద్దున పశువుల డాక్టర్ వచ్చేసరికి ప్రాణం పోయింది.

డాక్టర్ కనురెప్ప ఎత్తి చూశాడు. నేల మీద మరకను చూశాడు. "పరీక్ష జేస్తెగాని ఖాయంగ చెప్పలేను. కానీ ఒంట్ల రాగి లోహం ఎక్కువైతే గిట్లనే అయితది. బర్రె తట్టుకుంటది, గొర్రె తట్టుకోదు. కొంచెం కొంచెం లోపలనే జమైతది, ఒక్కదినం పడగొడ్తది. బర్రెల పౌడర్ల రాగి ఉంటది, అది గిన పెట్టిన్రా?"

"లేదు సాబ్," అంది ఆపా. "జొన్నలు, తవుడు, కంది పొట్టు. గంతే."

"మరి దాణాల ఏం కలిసిందో. ఈసారి గొర్రెలకని రాసున్నదే తెండ్రి. బర్రెలది, కోళ్ళది అస్సలు పెట్టొద్దు," అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

అమ్మ గోడకు ఇవతల నిలబడే ఉంది. అంతా విని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆమెకు ముద్ద దిగలేదు. గోడ వైపు వెళ్ళడం మానేసింది. ఆపా పిలిస్తే పనుందని లోపలికి నడిచేది. ఆపాకు చెబితే ఇన్నేళ్ళ స్నేహం పోతుందని భయం, చెప్పకపోతే తన మనసు ఊరుకోదు. నేను తేలికపరుద్దామని, "ఎట్లాగూ వారంలో కోసేదే కదమ్మా," అన్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"దేవుని పేరు మీద పోవాల్సింది. నా చేతుల పోయింది," అంది.



పండుగకు ఆపా వాళ్ళు ఒక చిన్న మేకను తెచ్చారు. ఏటా మా వాటా మాంసం వాళ్ళ కొడుకు తెచ్చి ఇచ్చేవాడు. ఆ ఏడు ఆపా తనే గిన్నె పట్టుకుని గుమ్మం ముందుకొచ్చింది. అమ్మ చేయి చాపలేదు.

"ఆపా, ఆ బర్రె పౌడర్ నేనే పెట్టిన. రోజు పెట్టిన."

"తెలుసు," అంది ఆపా. "రోజు గోడ అవుతలకెల్లి చూస్తుంటి. మంచిదే పెడ్తున్నవని నేను గూడ ఊకున్న."

"మరి డాక్టర్ అడిగితే లేదంటివి?"

"చచ్చిన పొట్టేలు ఎట్లన్న లేచొస్తదా? గక్కడ నీ మొఖం చూసిన. ఇగ నాకేం జెప్పబుద్ధి గాలే." గిన్నె అమ్మ చేతిలో పెట్టింది. "జర తొందరగ ఖాళీ చేసియ్యి చెల్లె, ఇంక రెండిండ్లకు పోవాలె."

అమ్మ మాంసాన్ని మా గిన్నెలోకి తీసుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఒకరి గిన్నెను వట్టిగా తిరిగి ఇవ్వడం మా ఇంట్లో లేదు. డబ్బా మూత తీసి, గుప్పెడు బెల్లం వేసి ఇచ్చింది.

ఇప్పుడు గోడ అవతల కొత్త పొట్టేలు పిల్ల ఉంది. పొద్దున్నే ఆపా జొన్నల గంప తెచ్చి గోడ మీద పెడుతుంది.

"నువ్వే ఎయ్యి చెల్లె," అంటుంది. "నా చేతుల తింటలేదు."