అన్నిటికీ ‘ప్రాబ్లం లేదు’ అన్నాను

ఆ రోజు కంపెనీ బస్సు మెట్టు మీద కాలు పెట్టాను కానీ ఒళ్లు పైకి లేవలేదు. వెనకున్న సునీత నా నడుం పట్టుకుని నెట్టింది. “ఏందక్కా, పొద్దుగాల్నే గింత బరువైనవ్?” అంటే బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. సుల్తాన్‌పూర్‌లో సిరంజీల ప్యాకింగ్ నా పని. రోజంతా నిలబడతాం కదా, అలసటే అనుకున్నాను.

రెండు నెలలకు జడ వేసుకోవడానికి చేతులు లేవలేదు. కింద కూర్చుంటే మా ఆయన లేపాల్సి వచ్చేది. పటాన్‌చెరు డాక్టర్ రక్తపరీక్ష చూసి, “కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే చాలా ఎక్కువుంది, కీళ్లు, కండరాల జబ్బులు చూసే రుమటాలజీలో చూపించండి” అని హైదరాబాద్‌కు రాసిచ్చారు.

అక్కడ డాక్టరమ్మ ఒక్కో జవాబుకు పాయింట్లు వేసే ఫారం ముందు పెట్టుకుని అడిగింది. చేతులు పైకి లేస్తున్నాయా? మింగడం కష్టమా? నేను అన్నిటికీ “ప్రాబ్లం లేదు మేడం” అన్నాను. కంపెనీ ఫిట్‌నెస్ చెకప్‌లో ఏటా చెప్పే జవాబే అది. ‘ఉంది’ అంటే పనిలోంచి తీసేస్తారని మా అందరికీ భయం. కుర్చీలోంచి లేవమంటే పళ్లు బిగబట్టి లేచాను. పాసయ్యానని సంతోషం కూడా!

ఆమె పాయింట్లు కూడి, “మయోసైటిస్, అంటే కండరాల వాపు అని అనుమానం. కానీ సరిపడా స్కోర్ రావట్లేదు” అంది.

మా ఆయన ఆగలేకపోయాడు. “డాక్టర్ తాన, వకీలు తాన దాయద్దంటరు. జెర నన్ను చెప్పనియ్యుర్రి మేడం. పొద్దున చాయ్ తాగితే ముక్కులకెల్లి వచ్చింది. పండుకున్నంక తల గూడ లేపనీకి అయితలేదు.”

నాకు ఒళ్లు మండింది. తర్వాత ఏడుపొచ్చింది.

“ఈ పాయింట్లు నీ మందు కోసం కాదమ్మా,” అంది డాక్టరమ్మ. “కండరాల జబ్బులను పరిశోధనలో అందరూ ఒకే కొలతతో చూడాలని. నీలాంటి పేషెంట్లు చెప్పిందాన్నిబట్టే ఆ కొలత తయారవుతుంది. మందు నిన్ను చూసి ఇస్తాను. కానీ నువ్వు దాస్తే రెండూ తప్పుతాయి.”

కండరాలకు సూది గుచ్చి చూసే ఈఎంజీ, చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ అయ్యాయి. మయోసైటిసే. స్టెరాయిడ్స్, మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు. మొహం ఉబ్బిందని మధ్యలో నేనే మాత్రలు మానేసి మళ్లీ మంచం పట్టాను. ఈసారి మాత్రం నిజం చెప్పాను. డాక్టరమ్మ తిట్టి, మళ్లీ మొదలుపెట్టింది.

ఇప్పుడు కూర్చుని చేసే లేబుల్ పనిలో ఉన్నాను. బట్టలు తీగ మీద నేనే ఆరేస్తాను, తడి దుప్పట్లు మాత్రం ఆయన వంతు. నెలనెలా రక్తపరీక్ష తప్పదు.

ఒక్క మాట చెబుతాను. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు మీతో ఒకే ఇంట్లో ఉండే మనిషిని తీసుకెళ్లండి. మీకు కోపమొచ్చినా సరే, వాళ్లను మాట్లాడనివ్వండి.