రాజు చచ్చాక చిందు

నది ఒడ్డున నాటకశాలలుండే మా సదర్క్‌లో నిలబడి బార్నబీ క్రౌచ్ ఎవరని అడిగితే, ఆ అడిగినవాణ్ణి ఎగాదిగా చూసేవారు. మొదట్లో అతను పక్కనే బెర్మండ్సీలో తోళ్లు నానబెట్టే గుంటల్లో పనిచేసేవాడు. ఆ కంపు ఒంటిని వదిలిందో లేదోగాని, కోణంగి వేషం కట్టాక జనం మాత్రం అతన్ని వదల్లేదు. ఎంత ఏడుపుగొట్టు నాటకమైనా సరే, రాజు చచ్చి, రాణి చచ్చి, వేదికంతా శవాలు పడ్డాక, బార్నబీ చిన్న డప్పు నడుముకి కట్టుకుని వచ్చి చిందెయ్యాలి. శవాలు కూడా లేచి అతనితో గంతులెయ్యాలి. అది మా నది ఒడ్డు ఆనవాయితీ. కళ్ళు తుడుచుకుని నవ్వుతూ ఇంటికి పోవడానికే కదా ఎవరైనా పెన్నీ ఇచ్చేది.

అలాంటిది, ఆ చలికాలం మోకాలు వాచి అతను ఒకటి రెండుసార్లు తూలాడు. అదే సందుగా, రాజు వేషాలు కట్టే ఆంబ్రోజ్ మెల్లగా మాట కదిపాడు.

"అన్నా, కొత్త నాటకంలో చిందు లేదు. రాజు చస్తే చచ్చినట్టే ఉండాలంటున్నాడు రాసినాయన. జనం ఊరుకుంటే ఇంకెప్పుడూ ఉండదు. నీ కాలు కూడా మరి..."

"నా కాలు సంగతి నా కాలు చూసుకుంటుంది," అన్నాడు బార్నబీ. ఇంటికొచ్చి డప్పుని మేకుకి తగిలించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. బతుకంతా జనాన్ని నవ్వించినవాడికి ఆ పూట ముద్ద దిగలేదు.

కొత్త నాటకం నాడు అతని భార్య డోర్కస్ ఎప్పటిలాగే ఆపిల్ పళ్ళు, హేజెల్ గింజలు బుట్టకెత్తుకుని నాటకశాలకి అమ్మకానికి పోయింది. బార్నబీ కూడా టోపీ కళ్ళమీదకి లాక్కుని, మొట్టమొదటిసారి పెన్నీ ఇచ్చి నేల జనంలో నిలబడ్డాడు.

ఉన్నమాట చెప్పుకోవాలి, ఆంబ్రోజ్ గొప్పగా చచ్చాడు. బార్నబీకే కళ్ళు చెమర్చాయి. శవాల్ని మోసుకుపోయారు, నాటకం అయిపోయిందని బాకా ఊదారు. జనంలో ఒక్కడూ కదల్లేదు.

"మా బార్నబీ ఏడీ?" అని ఒక పడవవాడు అరిచాడు.

"ఏడుపు మూటగట్టుకుని ఇంటికి పొమ్మంటారేంట్రా?" అని ఇంకొకడు.

ముందు గింజల తొక్కలు, ఆపైన ఆపిల్ ముక్కలు వేదిక మీద పడ్డాయి. సర్దిచెబుదామని బయటికొచ్చిన ఆంబ్రోజ్ కిరీటానికే ఒకటి తగిలింది.

బార్నబీ టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. ఎక్కాక కాలు మోసం చేస్తే? పిలిచిన ఈ నోళ్ళే అయ్యో పాపం అంటాయి. ఆ జాలి అతను భరించలేడు.

వెనకనుంచి ఎవరో మోచేత్తో పొడిచారు. డోర్కస్. బుట్టలో గింజలు పక్కకి తోసి అడుగునుంచి డప్పు తీసింది.

"ఇదెందుకు తెచ్చావే?"

"నువ్వు ఆడకుండా వీళ్ళు పోతారనుకున్నావా? ఈ జనం సంగతి నీకు తెలీకపోయినా నాకు తెలుసు. ఎక్కవయ్యా. కాలు రాకపోతే కాలు లేకుండానే ఆడు."

ఎక్కాడు. టోపీ తియ్యగానే నాటకశాల దద్దరిల్లింది. నాలుగు గంతులేశాడో లేదో మోకాలు మడతపడి కూలబడ్డాడు. బార్నబీ తాపీగా డప్పు పుల్లతో ఆ మోకాలిని పొడిచాడు.

"చచ్చిన రాజుగారే లేచి నిలబడ్డారు. నీకేం రోగమే?"

అంతే, నవ్వులే నవ్వులు. కూర్చునే డప్పు కొడుతూ, మంచి కాలితో చెక్కలు అదరగొడుతూ ఆడాడు. కిరీటం పక్కకి ఒరిగిన ఆంబ్రోజ్ కూడా ఆగలేక దూకాడు. అలాంటి కూర్చున్న చిందు మా ఒడ్డున ఇంకెవడూ వెయ్యలేదు, వెయ్యలేడు కూడా.

తెర వెనక డోర్కస్ అతని మోకాలికి గుడ్డ చుడుతోంది. ఆంబ్రోజ్ దగ్గరికొచ్చి, "అన్నా, మరి రేపు..." అని నసిగాడు.

"రేపు కూడా నువ్వు ఇలాగే బాగా చచ్చిపో," అన్నాడు బార్నబీ. "మిగతాది నేను చూసుకుంటా."