దండోరా నోరు జారిన కథ

మా ఆఫీసులో నా పక్క కుర్చీ ఆయన్ని అందరం దండోరా అంటాం. ముఖం మీదే అన్నా నవ్వుతాడు. గోదాముల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ అమ్మడం ఆయన పని. నోరున్నవాడు కాబట్టే అమ్మగలడు. ఆ నోటివల్లే ఒకసారి ఉద్యోగం మీదికి తెచ్చుకున్నాడు.

అమ్మకాల్లో ఒక పద్ధతి ఉంది. పెద్ద కంపెనీ ఏదైనా తన లోపలి సంగతులు మాకు చూపించే ముందు గోప్యతా ఒప్పందం మీద ఇరుపక్షాలూ సంతకాలు పెట్టాలి. వాళ్ళ లెక్కలు మేము, మా ధరలు వాళ్ళు బయటపెట్టకూడదు. ఇంతవరకూ అందరికీ తెలుసు. అసలు బేరం నడుస్తోందన్న మాటే బయట అనకూడదని లోపల ఇంకో షరతు ఉంటుంది. దాన్ని మావాళ్ళు చదివిన పాపాన పోలేదు. పెద్ద పేర్లు నాలుగు జల్లితేగానీ వాళ్ళకి బేరం మొదలుపెట్టినట్టే ఉండదు మరి.

శీతల గిడ్డంగుల కంపెనీ ఒకదానితో అలా సంతకాలయ్యాయి. కొన్నాళ్ళకి దండోరా ఒక లారీల కంపెనీ మేనేజరు ముందు కూర్చున్నాడు. ఆయన ఎంతకీ మెత్తబడకపోయేసరికి, "అంత పెద్ద గిడ్డంగులవాళ్ళే మాతో మాట్లాడుతున్నారండీ, మీరింకా ఆలోచిస్తారేంటి?" అని పేరుతో సహా అనేశాడు.

"అలాగా" అని మేనేజరు టీ తాగాడు.

మర్నాడే గిడ్డంగుల కంపెనీలో కొనుగోళ్ళు చూసే మేనేజరమ్మ ఫోన్ చేసింది. "రేపు ఒకసారి రండి. ఆ ఒప్పందం గురించి మాట్లాడాలి."

దండోరా ముఖంలో నెత్తురు చుక్క లేదు. మా కంపెనీ లాయరమ్మ దగ్గరికి పరిగెత్తాడు. వెనకాలే నేనూ వెళ్ళాను, వినోదం చూడ్డానికే.

"ఆ లారీల మేనేజరుకి ముందే తెలిసుంటే తప్పు కాదు, ఊరందరికీ తెలిసినా తప్పు కాదు," అందావిడ. "లేదంటే బేరం పోతుంది, నష్టపరిహారం అడుగుతారు. మీ ఉద్యోగం సంగతి నేను చెప్పక్కర్లేదు."

"ఏం చేయమంటారమ్మా?"

"వాళ్ళడిగేలోపే మీరే చెప్పండి. దాచారో, నేను కూడా కాపాడలేను."

మర్నాడు తోడు వెళ్ళాను. అప్పటికి నాలోనూ వినోదం చచ్చిపోయింది. దండోరా కుర్చీలో సరిగా కూర్చోకుండానే మొత్తం కక్కేశాడు. మేనేజరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆయనకా చెప్పారు?" అని నవ్వేసింది. "మా సరుకంతా మోసేది ఆయన లారీలేనండీ. మీతో బేరం నడుస్తోందని, మీ సాఫ్ట్‌వేర్ తన లారీల లెక్కలకి కుదురుతుందో లేదో చూడమని మేమే ఎప్పుడో చెప్పాం. ఆయనతోనూ ఇలాంటి సంతకమే పెట్టించాం. పాపం, అందుకే నోరు మెదపలేదు. మిమ్మల్ని పిలిచింది ఆ ఒప్పందం గడువు పెంచుదామని. కొత్త గిడ్డంగి ప్లాను మీకు చూపించాలి." కాగితం ముందుకు జరిపి, నవ్వు ఆపింది. "ఇంకెవరి దగ్గరైనా అనుంటే మాత్రం ఇది జరిపేదాన్ని కాదు."

దండోరా ఈసారి ప్రతి పంక్తీ వేలు పెట్టి చదివాడు. నేను ఆవలిస్తున్నా పట్టించుకోలేదు.

బయట మెట్ల మీద నిలబడి భార్యకి ఫోన్ చేశాడు. "ఉద్యోగం పోలేదే!"

"పోవడమేంటండీ?"

ఇంట్లో చెప్పనే లేదట! పేర్లు మింగేసి జరిగినదంతా చెప్పాడు. పక్కనున్న నాకు ఆవిడ గొంతు వినిపిస్తూనే ఉంది.

"అన్నం కెలుకుతుంటే ఒంట్లో బాలేదేమో అనుకున్నాను. ఇదంతా ఒక్కరే మోశారా?"

ఆ మాటకి దండోరా మెట్ల మీదే కూలబడి, ఫోను చెవికి ఆనించుకునే భోరుమన్నాడు. "హాయిగా ఉందే, చాలా హాయిగా ఉంది," అంటూ ఏడ్చాడు.